‘కోమా’ నవల మీద పాఠకులు రెండుగా చీలిపోయారు, ఎవరి మాట నమ్మాలి? – ఒక మత్తు డాక్టర్ సమాధానం

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ. రాబిన్ కుక్ రాసిన ‘కోమా’ చదివారు. తర్వాత మిగతా పాఠకుల అభిప్రాయాలు చూశారు. కొందరు “చదివాక రాత్రంతా నిద్ర పట్టలేదు, ఇక జన్మలో ఆపరేషన్ చేయించుకోను” అంటున్నారు. ఇంకొందరు, వాళ్లలో డాక్టర్లమని చెప్పుకున్నవాళ్లు కూడా ఉన్నారు, “ఇదంతా కట్టుకథ, ఇలా జరగడం అసాధ్యం” అని తీసిపారేస్తున్నారు. వచ్చే నెల మీ అమ్మగారికి గాల్ బ్లాడర్ ఆపరేషన్. పొట్టలోకి గ్యాస్ నింపుతామని సర్జన్ చెప్పారు కాబట్టి మీ టెన్షన్ ఇంకా పెరిగింది. ఎవరిది నిజం?

సూటిగా చెప్తాను. ఇద్దరి మాటా సగమే నిజం. ఆ నవలలో నేరానికి వాడిన పద్ధతి, కొట్టిపారేసేవాళ్లు అనుకున్నంత అసాధ్యం కాదు. కానీ ఆ నేరం మీద నడిచే వ్యాపారం, భయపడేవాళ్లు అనుకున్నట్టు నడవదు. మీ అమ్మగారి పొట్టలో నింపే గ్యాస్ కార్బన్ డయాక్సైడ్. నవలలోది కార్బన్ మోనాక్సైడ్. పేర్లు దగ్గరగా ఉన్నాయి తప్ప రెండూ పూర్తిగా వేరు. ఈ ఒక్క ముక్క కోసమే వచ్చి ఉంటే ఇక్కడితో ఆపేసి హాయిగా ఉండండి.

మిగతాది చదివేవాళ్లకు ఒక హెచ్చరిక. కథలో గుట్టు మొత్తం కింద విప్పేస్తున్నాను. నవల చదవాలనుకునేవాళ్లు చదివాకే ఇక్కడికి రండి.

నేను మత్తు డాక్టర్‌ని. ముప్పై ఏళ్లకు పైగా ఇదే పని. జిల్లా ఆసుపత్రిలో మొదలుపెట్టి, తర్వాత పెద్ద ఐసీయూలలో కూడా చేశాను. ‘కోమా’ని మొదటిసారి 1986లో చదివాను, ఎంబీబీఎస్ మూడో సంవత్సరంలో. ఆబిడ్స్‌లో ఆదివారం పూట ఫుట్‌పాత్ మీద అట్ట ఊడిపోయిన కాపీ దొరికింది. కథానాయిక సుసాన్ వీలర్ కూడా మెడికల్ స్టూడెంటే. హాస్టల్లో నేను చదివి పక్క గదికి ఇచ్చాను, అక్కడినుంచి అది మళ్లీ నా చేతికి రాలేదు. తర్వాత నేను మత్తు వైద్యంలో చేరి, డ్యూటీలు చేసి, మళ్లీ కొనుక్కుని చదివాను. రెండోసారి చదివినప్పుడు అది వేరే పుస్తకంలా అనిపించింది. అందుకే పాఠకుల అభిప్రాయాలు అలా చీలిపోవడం నాకు ఆశ్చర్యంగా లేదు.

కథ క్లుప్తంగా. 1977లో వచ్చిన నవల. బోస్టన్‌లో ఒక పెద్ద ఆసుపత్రి. చిన్న చిన్న ఆపరేషన్లకు వచ్చిన, మిగతా ఆరోగ్యమంతా బాగున్న వయసువాళ్లు మత్తులోంచి లేవడం లేదు. సుసాన్ ఆ కేసుల వెంట పడుతుంది. చివరికి తేలేది ఏమిటంటే, ఎనిమిదో నంబర్ ఆపరేషన్ థియేటర్‌కి వెళ్లే ఆక్సిజన్ పైపులోకి ఎవరో కార్బన్ మోనాక్సైడ్ కలుపుతున్నారు. మెదడు పోయిన ఆ మనుషుల్ని ఒక సంస్థలో తీగలతో వేలాడదీసి దాచి, అవయవాలు అమ్ముకుంటున్నారు.

మొదట గ్యాస్ సంగతి. “మానిటర్ మోగదా? డాక్టర్‌కి తెలియదా?” అని చాలామంది పాఠకులు రాశారని మీరే అన్నారు. అది ఇవాళ్టి థియేటర్‌ని మనసులో పెట్టుకుని అడిగే ప్రశ్న. 1977లో థియేటర్లలో పల్స్ ఆక్సీమీటర్ లేదు. దాని సూత్రాన్ని జపాన్‌లో తకువో అయోయాగి కనిపెట్టిందే 1970ల మొదట్లో. అది థియేటర్లలోకి రావడం ఎనభైలలో. అప్పటిదాకా రోగికి ఆక్సిజన్ అందుతోందో లేదో చూసే పద్ధతి మన కళ్లే. గోళ్లు, పెదవులు, కోసిన చోట కారే రక్తం రంగు. నేను జిల్లా ఆసుపత్రిలో చేరినప్పటికీ అదే పరిస్థితి. ఒక వేలు నాడి మీద, ఇంకో చెయ్యి రోగికి ఊపిరి ఆడించే బ్యాగ్ మీద. సర్జన్ తల ఎత్తకుండానే “రక్తం నల్లగా వస్తోంది డాక్టరమ్మా” అంటే గుండె ఝల్లుమనేది. సిలిండర్ అయిపోయిందా, ట్యూబ్ జారిందా అని ఒక్క క్షణంలో అన్నీ తడిమి చూసుకునేదాన్ని.

ఇప్పుడు నేరస్తుడి వైపు నుంచి ఆలోచించండి. రక్తం నల్లబడితే దొరికిపోతాడు. మరి ఊపిరి అందకుండా చేస్తూనే రక్తాన్ని ఎర్రగా ఉంచే గ్యాస్ ఏది? కార్బన్ మోనాక్సైడ్. అది రక్తంలో ఆక్సిజన్ మోసే హిమోగ్లోబిన్‌ని ఆక్సిజన్ కంటే సుమారు 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది, పట్టుకున్నాక రక్తం నిగనిగలాడే ఎరుపులోనే ఉంటుంది. రంగు చూసి జాగ్రత్త పడే డాక్టర్ ఆ రంగు చూసే మోసపోతాడు. రచయిత స్వయంగా కంటి డాక్టర్. ఈ గ్యాస్‌ని ఆయన తెలిసే ఎంచుకున్నాడు. పాఠకుల మెచ్చుకోళ్లలో ఈ సంగతి దాదాపు ఎక్కడా కనిపించదు. అందరూ వేలాడే శరీరాల సీన్ గురించే రాస్తారు. నా వరకు ఆ నవలలో గొప్ప ఆలోచన ఈ ఎరుపు రంగే.

ఇంకో సంగతి. “ఇప్పుడైతే పల్స్ ఆక్సీమీటర్ పట్టేస్తుంది” అని ఎవరో డాక్టర్ రాశారట. అది పొరపాటు. వేలికి పెట్టే మామూలు ఆక్సీమీటర్ రెండు రంగుల కాంతితోనే కొలుస్తుంది. కార్బన్ మోనాక్సైడ్ పట్టిన హిమోగ్లోబిన్‌ని అది ఆక్సిజన్ ఉన్నదానిగానే లెక్కేస్తుంది. మనిషికి ఊపిరి అందకపోయినా తెర మీద 98 అని చూపిస్తుంది. మూసిన గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకుని పడుకుని, స్పృహ తప్పి వచ్చినవాళ్లను నేను చూశాను. ఆక్సీమీటర్ అంకె చూసి “ఆక్సిజన్ బాగానే ఉంది కదా” అని ఇంటివాళ్లు ఊరట పడతారు. నిజం తెలియాలంటే కో-ఆక్సీమీటర్ అనే వేరే యంత్రం మీద రక్తం పరీక్ష చేయాలి.

థియేటర్లో కార్బన్ మోనాక్సైడ్ అనేది కల్పన కూడా కాదు. ఇది చాలామంది పాఠకులకు కొత్తగా ఉంటుంది. మత్తు యంత్రంలో సోడా లైమ్ అని తెల్లటి గుళికల డబ్బా ఉంటుంది. రోగి వదిలిన కార్బన్ డయాక్సైడ్‌ని అది పీల్చుకుంటుంది. ఆ గుళికల్లో కొంచెం తడి ఉండాలి. శనివారం పని అయ్యాక ఎవరో ఆక్సిజన్ కట్టేయడం మరిచిపోతే, సోమవారం దాకా ఆ గాలి వీచీ వీచీ గుళికలు ఎండిపోతాయి. ఎండిన గుళికల మీదుగా డెస్‌ఫ్లూరేన్ లాంటి మత్తు ఆవిరి వెళ్తే కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. 1990లలో ఇలాంటి కేసులు వైద్య పత్రికల్లో వచ్చాయి. ముఖ్యంగా సోమవారం పొద్దున మొదటి కేసులో జరిగేది. ఎవరూ హంతకులు కారు, ఒక నాబ్ తిరిగి ఉండిపోయింది, అంతే. దాంతో ఎక్కువ ప్రమాదమున్న ఒక రకం గుళికల్ని 2004లో తయారీదారులే మార్కెట్ నుంచి తీసేశారు. నేను ఇప్పటికీ సోమవారం పొద్దున థియేటర్‌లోకి వెళ్లగానే మొదట చూసేది ఆ డబ్బానే. అనుమానం వస్తే గుళికలు మార్పించాకే మొదటి పేషెంట్‌ని లోపలికి తెమ్మంటాను.

అంటే నవల నిజమవుతుందా? కాదు. అది విరిగిపోయే చోటు వేరు.

కార్బన్ మోనాక్సైడ్ మెదడుని మాత్రమే కొట్టి మిగతాదంతా భద్రంగా వదిలేసే మందు కాదు. మెదడు తర్వాత దానికి తేలిగ్గా దెబ్బతినేది గుండే. ఎంత మోతాదుకు మెదడు పోయి గుండె నిలబడుతుందో ముందుగా లెక్కగట్టి చెప్పే డాక్టర్ ఎవరూ లేరు. ఒకరు చనిపోతారు, ఒకరు తలనొప్పితో లేస్తారు, ఇంకొకరు నెల తర్వాత మతిమరుపుతో వస్తారు. ఇంత అదుపులేని పద్ధతి మీద ‘ఆర్డర్ ఇస్తే కిడ్నీ’ అనే వ్యాపారం నడవదు. పైగా అవయవం అమరడానికి రక్తం గ్రూపు కలవాలి, టిష్యూ కలవాలి. అమర్చాక శరీరం దాన్ని తోసెయ్యకుండా మందులు ఉండాలి. ఆ మందుల్లో పెద్ద మలుపు తెచ్చిన సైక్లోస్పోరిన్‌కి అమెరికాలో అనుమతి వచ్చింది 1983లో, నవల వచ్చిన ఆరేళ్లకు. అన్నిటికంటే ముఖ్యం, అవయవం తీసి అమర్చడానికి ఒక్క దుర్మార్గుడు చాలడు. సర్జన్లు, మత్తు డాక్టర్లు, నర్సులు, ల్యాబ్, ఆ తర్వాత ఏళ్ల తరబడి చూసే డాక్టర్, ఇంతమంది నోరు మూసుకోవాలి. థియేటర్లో ఒక కత్తెర లెక్క తప్పితేనే సాయంత్రానికి ఆసుపత్రి మొత్తానికి తెలిసిపోతుంది.

వేలాడే శరీరాల సీన్ గురించి కూడా ఒక మాట. పుస్తకం, 1978లో వచ్చిన సినిమా, రెండిటి గురించీ ఎవరు రాసినా ఆ సీన్ దగ్గర ఆగుతారు. మంచం పుళ్లు రాకుండా మనుషుల్ని తీగలతో గాల్లో వేలాడదీస్తారు. భయంకరమైన బొమ్మ, ఒప్పుకుంటాను. కానీ కదలలేని మనిషికి పుండ్లు పడకుండా చూసే అసలు పద్ధతి, ప్రతి రెండు గంటలకోసారి ఇద్దరు మనుషులు పట్టుకుని పక్కకు తిప్పడం. అర్ధరాత్రి రెండింటికీ, నాలుగింటికీ. ఐసీయూలో ఆ పని చేసే నర్సుల్ని, ఆయాల్ని చూసినవాళ్లకు ఆ సీన్‌లో లోపించింది ఏమిటో తెలుస్తుంది. అక్కడ మనుషులే లేరు. రచయిత మనల్ని భయపెట్టింది ఆ ఖాళీతోనే.

మత్తులోంచి లేవని మనిషి. మీ అసలు భయం ఇదే కదా. ఒక కేసు చెప్తాను.

1998. నేను పనిచేసే చోట రాత్రి అపెండిక్స్ కేసు వచ్చింది. ఇరవై రెండేళ్ల కుర్రాడు, బలంగా ఉన్నాడు. గొంతులో ట్యూబ్ వేయడానికి అందరికీ ఇచ్చినట్టే స్కోలిన్ ఇచ్చాను. అది కండరాలన్నిటినీ వదులు చేస్తుంది, ఊపిరి కూడా ఆగుతుంది, మామూలుగా అయిదు పది నిమిషాల్లో దాని పని అయిపోతుంది. ఆపరేషన్ ముప్పావుగంటలో ముగిసింది. కుర్రాడు ఊపిరి తీయడం లేదు. చెయ్యి లేపితే వాలిపోతోంది. సర్జన్ నా మొహం చూశాడు. బయట తలుపు దగ్గర తల్లి నిలబడి ఉంది. “ఇంకా లేవలేదా అమ్మా?” అని పావుగంటకోసారి అడుగుతోంది.

ఆ రాత్రి ‘కోమా’లో నాన్సీ గ్రీన్లీ అనే అమ్మాయి మత్తులోంచి లేవని అధ్యాయం నా తలలో తిరిగిందంటే నమ్మండి. కానీ కనుపాపలు బాగున్నాయి. నాడి, బీపీ బాగున్నాయి. అప్పుడు బయటికి వచ్చి ఆ తల్లిని అడిగాను, మీ ఇంట్లో ఇంకెవరికైనా మత్తు ఇచ్చినప్పుడు ఇలా ఆలస్యమైందా అని. ఆవిడ కాసేపు ఆలోచించి, “మా బావగారికి ఒకసారి రాత్రంతా లేవలేదన్నారు, మద్రాసులో” అంది. ఇంటి పేరు, కులం అడిగాను. ఆర్యవైశ్యులు.

అప్పటికి నా గుండె కుదుటపడింది. స్కోలిన్‌ని విరగ్గొట్టే ఒక ఎంజైమ్ రక్తంలో ఉంటుంది. కొందరికి అది పుట్టుకతోనే చాలా తక్కువ. అలాంటివాళ్లకు అయిదు నిమిషాల మందు గంటల తరబడి పనిచేస్తుంది. దక్షిణాదిలో వైశ్య కుటుంబాల్లో ఈ లోపం మిగతావాళ్లకంటే ఎక్కువగా కనిపిస్తుంది. ఇది వైద్య పత్రికల్లోనూ నమోదైన విషయమే. మీ ఊళ్లో మత్తు డాక్టర్ ఆపరేషన్ ముందు ఇంటి సంగతులు, ఒక్కోసారి కులం కూడా అడిగితే తప్పుగా అనుకోకండి, కారణం ఇదీ. దీనికి వైద్యం చాలా సులువు: ఆ ఎంజైమ్ చేయాల్సిన పని అయ్యేదాకా మనం ఊపిరి ఆడించాలి. ఇంకొకటి మరవకూడదు. ఆ మనిషి కదలలేడు గానీ మత్తు తగ్గితే అన్నీ వినబడతాయి, అన్నీ తెలుస్తాయి. కాబట్టి నిద్ర మందు నడుస్తూనే ఉండాలి. నేనూ, ఒక నర్సూ వంతులు వేసుకుని బ్యాగ్ నొక్కుతూ కూర్చున్నాం. దాదాపు నాలుగు గంటలు. తెల్లవారుజామున కుర్రాడి పొట్ట కొద్దిగా కదిలింది. ఇంకో అరగంటకు కళ్లు తెరిచాడు.

డిశ్చార్జి రోజు ఒక కార్డు మీద ఎర్ర సిరాతో ‘స్కోలిన్ ఇవ్వరాదు’ అని రాసి, ఇంట్లో అందరికీ చూపించమని చెప్పాను. మూడేళ్ల తర్వాత వాళ్ల చెల్లెలు సిజేరియన్‌కి వచ్చినప్పుడు ఆ తల్లి మొదట నా చేతిలో పెట్టింది ఆ కార్డే, మడతల దగ్గర చిరిగిపోయి ఉంది.

ఇదంతా ఎందుకు చెప్పానంటే, మత్తులోంచి ఆలస్యంగా లేచే మనుషులు నిజంగా ఉంటారు. కారణం దాదాపు ఎప్పుడూ ఇలాంటిదే. షుగర్ పడిపోవడం, థైరాయిడ్ తక్కువ ఉండటం, ఒళ్లు చల్లబడటం, వయసు మీద మందు మోతాదు ఎక్కువ కావడం. వీటిలో చాలావాటిని ముందురోజు అడిగే పది ప్రశ్నలతో పట్టుకోవచ్చు.

సుసాన్ గురించి పాఠకులు రాసినవి. ఆ అమ్మాయి పాత్ర నాటకీయంగా ఉందని, మగ డాక్టర్లు ఆమెతో మాట్లాడే తీరు ఇప్పుడు చదవలేమని చాలామంది విసుక్కున్నారట. ప్రేమకథ భాగం పలచగా ఉందన్నది నేనూ ఒప్పుకుంటాను. మాటలు మాత్రం అతిశయోక్తి కావు. నేను సర్జరీ పోస్టింగ్‌లో ఉన్నప్పుడు “నీకెందుకమ్మా ఇవన్నీ, పెళ్లయ్యాక మానేసేదానివేగా” అన్న మాట విన్నాను. అన్నాయన చెడ్డవాడు కాదు, మంచి టీచర్. అందుకే అది ఇంకా నొప్పించింది. మొదటిసారి చదివినప్పుడు సుసాన్ నాకు బాగా దగ్గరైంది ఇక్కడే. ఒక మాట గర్వంగా చెప్పుకుంటాను. 1888, 1889లలో మన హైదరాబాద్‌లో నిజాం సొమ్ముతో క్లోరోఫామ్ కమిషన్లు జరిగాయి. మత్తులో మనిషి చనిపోయేది ఊపిరి ఆగా, గుండె ఆగా అన్నదే వాళ్ల ప్రశ్న. ఆ కాలంలోనే రూపాబాయి ఫుర్దూన్‌జీ అనే ఆవిడ ఇక్కడ క్లోరోఫామ్ ఇచ్చేది. ప్రపంచంలోనే తొలి మహిళా మత్తు డాక్టర్లలో ఒకరిగా ఆమెను చెప్పుకుంటాం. నన్ను ‘ఆడవాళ్లకెందుకు’ అన్నప్పుడు ఆమె పేరు నాకు తెలియదు. తెలిసి ఉంటే బాగుండేది.

రెండోసారి చదివినప్పుడు నేను గమనించింది ఏమిటంటే, సుసాన్ గెలిచింది పరుగెత్తడం వల్ల కాదు, రికార్డులు అడగడం వల్ల. ఎంతమంది కోమాలోకి వెళ్లారు, ఏ థియేటర్లో, ఏ ఆపరేషన్‌కి? ఈ ఆసుపత్రిలో లెక్క ఉండాల్సిన దానికంటే ఎన్ని రెట్లు ఎక్కువ? అందరూ ‘దురదృష్టం’ అని వదిలేసిన చోట ఆమె లెక్కపెట్టింది. నిజ జీవితంలో వైద్య నేరాలు బయటపడింది కూడా ఇలాగే. ఇంగ్లండ్‌లో హెరాల్డ్ షిప్‌మన్ అనే కుటుంబ డాక్టర్‌కి 15 హత్యల్లో 2000 సంవత్సరంలో శిక్ష పడింది. తర్వాతి విచారణలో బాధితుల సంఖ్య 215 అని తేలింది. అతను వాడింది రహస్య పైపులు కాదు, నొప్పికి ఇచ్చే మార్ఫిన్ జాతి మందు. ఒక ముసలావిడ పేరిట దొంగ వీలునామా సృష్టిస్తే ఆవిడ కూతురికి అనుమానం వచ్చింది. ఆ కూతురు లాయర్. రోగులు చనిపోయాక అతను వాళ్ల రికార్డుల్ని మార్చి పాత తేదీలు వేస్తే, ఆ మార్పు జరిగిన అసలు సమయాన్ని కంప్యూటర్ దాచుకుని ఉంది. అమెరికాలో చార్లెస్ కల్లెన్ అనే నర్సు 2003లో అరెస్టయ్యాడు. ఇన్సులిన్, డిగాక్సిన్ లాంటి మామూలు మందులే అతని ఆయుధాలు. మందుల అలమారా నుంచి ఏది ఎప్పుడు అడిగాడన్న రికార్డు పట్టించింది.

కాబట్టి ఏ మెడికల్ థ్రిల్లర్‌నైనా నేను తూచేది ఒకే ప్రశ్నతో. గుట్టు కేస్ షీట్‌లోంచి బయటికి వచ్చిందా, లేక తుపాకీ పట్టుకున్నవాడు వచ్చి చెప్పేశాడా? ‘కోమా’ మొదటి సగం ఈ పరీక్షలో బ్రహ్మాండంగా నెగ్గుతుంది. రెండో సగంలో వెంటాడటాలు, దాక్కోవడాలు ఎక్కువైపోతాయి. అక్కడ నా ఆసక్తి తగ్గింది.

ఒక హాని మాత్రం జరిగింది. దీని గురించి కొంచెం గట్టిగానే చెప్తాను. “ఈ పుస్తకం చదివాక అవయవదానానికి సంతకం పెట్టను” అన్న పాఠకుల మాట మీరు రాశారు. ఆ భయానికి మూలం ఒక మాట గందరగోళం. కోమా వేరు, బ్రెయిన్ డెత్ వేరు. కోమాలో ఉన్న మనిషి మెదడు బతికే ఉంటుంది, కొందరు లేచి కూర్చుంటారు. బ్రెయిన్ డెత్ అంటే మరణమే. పాఠకులదే తప్పు అనలేను. 1968లో బోస్టన్‌లోని హార్వర్డ్ కమిటీ బ్రెయిన్ డెత్‌కి మొదటిసారి నియమాలు రాసినప్పుడు వాళ్లే దాన్ని ‘కోలుకోలేని కోమా’ అని పిలిచారు. మన పేపర్లు, టీవీలు ఇప్పటికీ రెండూ కలిపేస్తాయి.

అవయవ మార్పిడి మీద మన చట్టం వచ్చింది 1994లో, 2011లో సవరించారు. బ్రెయిన్ డెత్ అని చెప్పాలంటే నలుగురు డాక్టర్ల బోర్డు కావాలి. అవయవాలు అమర్చే బృందంలోనివాళ్లు అందులో ఉండకూడదు. పరీక్షలు రెండుసార్లు, మధ్యలో కనీసం ఆరు గంటలు. ఆ పరీక్షల్లో చివరిది నేను చాలాసార్లు చేశాను. వెంటిలేటర్ తీసి, సన్నటి గొట్టంతో ఆక్సిజన్ మాత్రం వదులుతూ, ఛాతీ మీద చూపు పెట్టి నిమిషాల తరబడి నిలబడతాం. రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పెరిగి పెరిగి, బతికున్న మెదడు ఏదైనా ఒక్క ఊపిరైనా తీసి తీరాల్సిన స్థాయికి చేరుతుంది. ఆ నిమిషాల్లో గదిలో ఉన్న ప్రతి ఒక్కరూ ఆ ఛాతీ కదలాలనే కోరుకుంటారు. నేనైతే ప్రతిసారీ కోరుకున్నాను. రెండు తెలుగు రాష్ట్రాల్లో జీవన్‌దాన్ పేరుతో ఎదురుచూసేవాళ్ల జాబితా ఉంటుంది. అవయవం ఎవరికి వెళ్లాలో ఆ జాబితా ప్రకారం తేలుతుంది, ఆసుపత్రి పెద్ద ఇష్టం ప్రకారం కాదు.

అయితే మన దేశంలో అవయవాల నేరాలు లేవా అంటే, ఉన్నాయి. 2008లో గుర్‌గావ్‌లో బయటపడిన కిడ్నీ ముఠా గుర్తుందా? అక్కడ ఎవర్నీ కోమాలోకి పంపలేదు. పని ఇప్పిస్తామని, డబ్బిస్తామని పేదవాళ్లను తెచ్చి కిడ్నీ తీశారు. అప్పుల్లో ఉన్న మనిషికి మత్తు గ్యాస్ అక్కర్లేదు, ఒక దళారీ చాలు. ‘కోమా’ చివర రచయిత రాసుకున్న మాటలో అవయవాల కొరత గురించే బాధపడ్డాడు. కొరత ఉన్నచోట అమ్మేవాళ్లు పుడతారని ఆయన అన్నది మాత్రం నూటికి నూరుపాళ్లు జరిగింది. దానం చేసేవాళ్లు భయపడి వెనక్కి తగ్గేకొద్దీ ఆ కొరత పెరుగుతుంది, దళారీకి గిరాకీ పెరుగుతుంది. సంతకం పెట్టనన్న ఆ పాఠకులకు వీలైతే ఈ పేరా చూపించండి.

ఇక మీ అమ్మగారు. లాపరోస్కోపీలో, అంటే చిన్న రంధ్రాల గుండా చేసే ఆపరేషన్లో, పొట్ట గోడని లేపి లోపల చోటు చేయడానికి కార్బన్ డయాక్సైడ్ నింపుతారు. అది మనం ప్రతి ఊపిరితో వదిలేదే. ఒంట్లోకి ఇంకినంత మేర ఊపిరితిత్తుల ద్వారా బయటికి వస్తుంది. ఎంత వస్తోందో క్షణక్షణం చూపే క్యాప్నోగ్రాఫ్ అనే తెర మత్తు డాక్టర్ ఎదురుగానే ఉంటుంది. ఆపరేషన్ అయ్యాక ఒకటి రెండు రోజులు ఆవిడకు భుజం నొప్పి అనిపించవచ్చు. మిగిలిన గ్యాస్ పొట్ట పైనున్న పొరని ఒరుసుకోవడం వల్ల వచ్చే నొప్పి అది. కంగారుపడకండి.

మత్తు పరీక్షకి వెళ్లినప్పుడు మీరు కూడా లోపలికి వెళ్లండి. ఇంట్లో ఎవరికైనా మత్తుతో ఇబ్బంది వచ్చిందా అన్నది ముందే పెద్దవాళ్లను అడిగి తెలుసుకోండి. ఆవిడ వాడే ప్రతి మందూ, ఆయుర్వేదం, హోమియో సహా, ఒక సంచిలో వేసి తీసుకెళ్లండి. కట్టుడు పళ్లుంటే చెప్పండి. ఆ తర్వాత ఈ మూడూ అడగండి: ఆపరేషన్ మొత్తం మత్తు డాక్టర్ థియేటర్లోనే ఉంటారా? క్యాప్నోగ్రాఫ్ ఉందా? లేచాక రికవరీలో ఎంతసేపు, ఎవరు చూస్తారు? ఈ ప్రశ్నలకు మంచి డాక్టర్ ఎవరూ కోపం తెచ్చుకోరు. నన్ను అడిగితే నాకు సంతోషమే వేస్తుంది. మత్తు డాక్టర్ మొత్తం సమయం రోగి దగ్గరే ఉండాలని మొదటగా కాగితం మీద నియమంగా రాసుకున్నవాళ్లలో బోస్టన్‌లోని హార్వర్డ్ ఆసుపత్రులు ఉన్నాయి, అది 1986లో ప్రచురించారు. నవల జరిగిన ఊరే. మొదటి ప్రశ్నకి జవాబు ‘అటూ ఇటూ తిరుగుతూ ఉంటారు’ అని వస్తే మాత్రం ఇంకో చోటు చూసుకోండి.

పుస్తకాన్ని ఆవిడ డిశ్చార్జి అయ్యేదాకా ఇంట్లో పైన ఎక్కడైనా పెట్టేయండి. ముఖ్యంగా ఆవిడ కంటపడనివ్వకండి. ముందురోజు రాత్రి నిద్ర పట్టని పేషెంట్‌కి బీపీ పెరుగుతుంది, పొద్దున నా పని కష్టమవుతుంది. పరీక్ష అయ్యాక వాళ్లు రాసిన నోట్స్‌లో అర్థం కాని మాట ఏదైనా ఉంటే, పేర్లు తీసేసి ఇక్కడ రాయండి. చూసి చెప్తాను.